బియ్యం బుక్కిన పిల్ల

"వర్షం వస్తే ఎట్లా మేడం?" అని అడిగాడు మేనేజరు.

శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన పచ్చిక పెంచి, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే చోట నిలబడి ఉన్నాం. పెళ్ళి మా అమ్మాయిది. నాలుగు గోడల మధ్య తాళి కట్టించుకోనని, నెత్తిన ఆకాశం ఉండాలని దాని పంతం. పంతాలు మా ఇంటి ఆడపిల్లలకు కొత్తేమీ కాదు కాబట్టి నేను అడ్డు చెప్పలేదు. ముహూర్తం మాత్రం తెచ్చి తెచ్చి జ్యేష్ఠమాసంలో పెట్టారు. ఎండ ఎప్పుడు కాస్తుందో, వాన ఎప్పుడు దంచుతుందో దేవుడికే తెలియని నెల అది.

"మీరేం టెన్షన్ పడకండి. పక్కనే మన ఏసీ హాలు ఉంది. మబ్బు పట్టిందనుకోండి, కాసేపట్లో స్టేజీ, పూలు, కుర్చీలు అన్నీ లోపలికి మార్చేస్తాం. వచ్చినవాళ్ళకు తేడా కూడా తెలియదు" అన్నాడు.

"ఎవరికీ తెలియదా?"

"ఎవరికీ తెలియదు మేడం" అన్నాడు నమ్మకంగా.

నేను అక్కడున్న కుర్చీలో కూర్చుండిపోయాను. పచ్చికకు నీళ్ళు పెడుతున్నారేమో, తడిమట్టి వాసన గుప్పున వచ్చింది. పక్కన కొత్తగా పాతిన గుంజలకు ఎవరో మామిడి తోరణాలు కడుతున్నారు. ఆ రెండు వాసనలు కలిస్తే నేను నేనుగా ఉండలేను. పదేళ్ళ పిల్లనైపోతాను, కాలికి కట్టుతో మా ఇంటి పందిరి కింద కూర్చుంటాను.

మా ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. దేవరయాంజాల్ దాటి లోపలికి పోతే వచ్చేది. వచ్చేది అనే అనాలి, ఇప్పుడక్కడ ప్లాట్లకు పాతిన రాళ్ళూ కాంపౌండు గోడలే ఉన్నాయి. అప్పుడు మాకు వరిమళ్ళుండేవి. వడ్లు పట్టించడానికి తాత గిర్నికి పోతే చిన్నత్తా నేనూ బండెక్కి వెంటపడేవాళ్ళం. చిన్నత్త అంటే మా నాయిన చెల్లెలు, తాతకు కడగొట్టు బిడ్డ. నాకంటే బాగా పెద్దదే అయినా తిండి దగ్గర నాతో సమానం. గిర్నిలోంచి అప్పుడే పడిన బియ్యం వేడిగా ఉంటుంది. తవుడు వాసన ముక్కుకు పట్టేస్తుంది. ఆ వేడి బియ్యం పిడికెడు తీసి నోట్లో పోసుకుంటే పాలు కారేవి. మావైపు దాన్ని బుక్కడం అంటారు.

చిన్నత్త బుక్కినంత బియ్యం మా ఊళ్ళో కోళ్ళు కూడా తిని ఉండవు. అవ్వ చూసిందంటే ఇల్లు పీకి పందిరేసేది.

"ఓ పిల్లా, పచ్చి బియ్యం బుక్కితే పెండ్లికి వాన పడ్తదే! పెండ్లి పీటల మీద నానుకుంట కూసుంటవా?"

తాత మాత్రం గిర్ని నుంచి వస్తూ అంగీ జేబు నిండా బియ్యం పోసుకొచ్చి, అవ్వ చూడకుండా చిన్నత్త నోట్లో పోసేవాడు. "పడనీ తియ్యి. నా బిడ్డ పెండ్లికి వానొస్తే ఊరికే మంచిది. చెర్వన్న నిండుతది" అనేవాడు. మిగిలింది నా నోట్లో. ఆయన వేళ్ళకు బీడీ వాసన, ఎడ్ల వాసన ఉండేవి. ఆ వేళ్ళ నుంచి తిన్న బియ్యం రుచి మళ్ళీ ఏ పరమాన్నంలోనూ నాకు దొరకలేదు.

చిన్నత్తకు సంబంధం కుదిరిన కొన్నాళ్ళకే తాతకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట ముద్దైంది. పట్నం ఆసుపత్రికి జీపులో తీసుకుపోతుంటే ఆ గుంతల రోడ్డు మీద అల్వాల్ దాకా కూడా పోకముందే ఫిట్స్ వచ్చాయి. మెల్లగా ఇంటికి తెచ్చారు. చూడవచ్చిన డాక్టరు, ఈయనను ఇక బండెక్కించొద్దని, ఇంకో కుదుపును తట్టుకోలేడని ఖచ్చితంగా చెప్పాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు. శ్రావణం దాకా ఆగితే తాత ఉంటాడో లేడో. అందుకే జ్యేష్ఠంలోనే ముహూర్తం పెట్టించారు.

పెళ్ళెక్కడ అనే మాట వచ్చినప్పుడు అవ్వ ఒకటే అంది. "ఆయనను కదిలియ్యొద్దు. పెండ్లే ఆయన మంచం కాడికి రావాలె."

మా ఇల్లు చిన్నది, గదులు చీకటివి. పెళ్ళి చేస్తే వాకిట్లోనే చెయ్యాలి. ఇక చూడండి మా నాయిన హడావిడి. వానను ఎట్లా ఆపాలన్నదే ఆయన చదువు, ఆయన పూజ. పందిరి మీద మొదట తాటాకు, దాని మీద లారీవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన టార్పాలిన్లు, వాటి మీద మళ్ళీ మోకులు. పందిరి చుట్టూ నీళ్ళు పోవడానికి కాలువ తవ్వించాడు. బురద కాకుండా వాగు ఇసుక తెచ్చి పోయించాడు. పొయ్యిలు పశువుల కొట్టంలోకి మార్చాడు. టార్పాలిన్ల డీజిల్ వాసన, మామిడాకుల వాసన, కొట్టంలో పేడ వాసన కలిసి అదే నాకు పెళ్ళి వాసన అయిపోయింది. ఈ రోజుకూ పెట్రోలు బంకు దగ్గర ఆగితే ఎక్కడో సన్నాయి వినిపించినట్టుంటుంది నాకు.

తొలి గుంజ పాతేటప్పుడు తాత మంచాన్ని వాకిట్లోకి మోసుకొచ్చారు. గుంతలో పాలు, నవధాన్యాలు పొయ్యాలి. తాత ఎడమ చెయ్యి చాపాడు. ఎవరో "ఎడమ చెయ్యా?" అని నసిగారు. "ఆయనకున్నది గదే చెయ్యి. దేవునికి ఎర్కనే" అని అవ్వ ఆ చేతిలోనే చెంబు పెట్టింది. పాలు సగం గుంతలో, సగం మట్టిలో పడ్డాయి. పెళ్ళి పీటలు ఎక్కడ వెయ్యాలో, తన మంచం ఎక్కడ వేస్తే బిడ్డ మొహం కనిపిస్తుందో తాతే వేలితో చూపించాడు. నాయిన అక్కడ సున్నంతో గీత గీశాడు. ఆ గీత మీద కాలు వేస్తే మా వీపులు విమానం మోతే.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం వరకూ అంతా సవ్యంగానే ఉంది. చిన్నత్తకు పసుపు పెట్టారు. వసారాలో కూర్చొని అరిసె ముక్క నములుతూ, "నేను బుక్కిన బియ్యమంత ఒట్టిదే. సూడు, ఒక్క మబ్బన్న ఉన్నదా?" అని అవ్వను ఆటపట్టించింది. అవ్వ లెంపలేసుకుంది, తనవీ, చిన్నత్తవీ.

పొద్దు వాలుతుంటే గాలి లేచింది. మా వైపు జ్యేష్ఠంలో గాలిదుమారం లేస్తే అది పశువునూ చూడదు, మనిషినీ చూడదు. ఒక పక్క మోకు తెగి టార్పాలిన్ లేచి చింతచెట్టుకు చుట్టుకుంది. రెండు గుంజలు ఒరిగాయి. వెనకే పెద్ద చినుకులు. పడింది కాసేపే అయినా పందిరి బయట వాకిలంతా ఎర్ర బురద. సరిగ్గా అప్పుడే నాగారం నుంచి పెళ్ళికొడుకు మేనమామ ఏర్పాట్లు చూడటానికి తెల్లటి బట్టల్లో దిగాడు. దిగి, పదడుగులు వేసి, కాలువలో పడ్డాడు. పిల్లలందరం పడీ పడీ నవ్వాం. ఆయన లేచి చుట్టూ చూసి, "రేపు గీ బురదల మా పిల్లగాడు తాళి కట్టాల్నా?" అని ఒక్కటే అడిగి జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మాట మా పెద్దనాయినకు దొరికింది. పెద్దనాయిన అప్పటికే పొలాల బేరాల్లో తిరుగుతున్నాడు, మండలంలో నలుగురు లీడర్లతో కలిసి కూర్చుని లేస్తున్నాడు. మేడ్చల్ రోడ్డు మీద కొత్తగా ఫంక్షన్ హాలు పడింది. దాని ఓనరు ఆయన దోస్తు. ఆ రోజు హాలు ఖాళీగా ఉంది.

"హాల్ల చేద్దం. జల్దీ ఫైసలా చెయ్యాలె" అన్నాడు పెద్దనాయిన.

"పందిరికేం గాలేదన్నా. ఒక్క మోకే తెగింది. తెల్లారేసరికి నేను మళ్ళ కడ్త" అన్నాడు నాయిన. చేతులు మోకు రాపిడికి చీరుకుపోయి ఉన్నాయి.

"సరిగ్గ ముహూర్తానికి గిట్లనే కొడ్తే? మస్తు మంది పెద్దోళ్ళొస్తున్నరు. ఇజ్జత్ పోతది."

నాయిన తల్లి వైపు చూశాడు. ఒక్క మాట అంటే చాలు, ఆయన రాత్రంతా గుంజల మీదే ఉండేవాడు. కానీ అవ్వ మొహం పాలిపోయి ఉంది. ఇన్నేళ్ళూ కోపంతో అన్న మాట ఇప్పుడు నిజమై ఎదుట నిలబడిందనుకుంది ఆమె. "బియ్యం బుక్కింది. ఎన్నిసార్లు మొత్తుకున్న. వానొస్తది, తప్పది" అంది. తమాషా కోసం తరతరాలుగా అనుకునే మాటను నమ్మి, మా ఇంట్లో పెద్దలందరూ ఒక పెళ్ళిని ఊరు దాటించారు. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చిన్నత్త పసుపు మొహంతో లేచి నిలబడింది. "నాయిన లేంది నేను పీటల మీద కూసోను. తడిస్తే తడుస్త. నేను బుక్కిన బియ్యం, నేనే తడుస్త" అంది.

వసారాలో మంచం మీంచి తాత గొంతు వచ్చింది. ఆ ముద్దమాటలు ఇంట్లో అందరికంటే నాకూ చిన్నత్తకూ బాగా అర్థమయ్యేవి. "హాల్లనే చెయ్యుండ్రి" అన్నాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "నా బిడ్డ తడువొద్దు."

వాన పడనీ తియ్యి అన్న మనిషే ఆ మాట అన్నాడు. చిన్నత్త గోడకు చేరగిలబడి పొగిలి పొగిలి ఏడ్చింది. నాయిన బయటకు పోయి తెగిన మోకును చుట్ట చుట్టి పెట్టాడు.

నేను హాలుకు పోలేదు. ముందురోజు సాయంత్రం, ఒరిగిన గుంజ ఎక్కి ఊగొద్దని చెప్పినా వినక ఊగి, దూకి, మేకు మీద పడ్డాను. అరికాలు వాచి అడుగు పడటం లేదు. పక్కింటి ముసలవ్వనూ నన్నూ తాత దగ్గర ఉంచి తెల్లవారగానే అందరూ బండ్లెక్కారు. పోయే ముందు తాత సైగ చేసి మంచం వాకిట్లో వేయించుకున్నాడు, ఆ సున్నం గీత మీదే. నాయిన మంచం వేసి, కొత్త ధోవతి సర్ది, తన చేతి గడియారం విప్పి మంచం కోడుకు కట్టాడు. తాత మొహం చూడకుండానే పోయాడు. అవ్వ పసుపు కలిపిన అక్షింతలు తాత ఎడమ చేతిలో పెట్టి పిడికిలి మూసింది. "ముహూర్తానికి పైకి చల్లు. యాడున్నా నీ బిడ్డ మీదనే పడ్తయి" అంది. పొద్దున్నుంచీ ఆమె ఏడవలేదు. బండెక్కాక కొంగు నోట్లో కుక్కుకోవడం చూశాను.

చిన్నత్తను వేరే బండిలో ముందే తీసుకుపోయారు. తాత దగ్గరకు రానిస్తే ఇక కదలదని భయం.

అందరూ పోయాక వాకిలి ఎంత పెద్దదైపోయిందో! ముసలవ్వ ఆకువక్క నములుతూ గోడకానుకుని కునుకు తీసింది. కొట్టంలో కొత్త పొయ్యిలు వెలిగించకుండానే ఉన్నాయి. రాత్రి తడిసిన మామిడాకులు ఆరుతూ వాసన వేస్తున్నాయి. పందిరి తెగిన మూలలోంచి తాత పైకి చూశాడు. నేనూ చూశాను. కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది ఆకాశం. వెతికి చూసినా మబ్బు తునక లేదు.

తాత మళ్ళీ కాసేపటికి చూశాడు. నాకు వాన రావాలి అనిపించింది. ఎట్లాగైనా రావాలి. వానొస్తే హాలుకు పోయింది మంచిదే అవుతుంది. వానొస్తే తాతను ఊరికే వదిలేసి పోయినట్టు కాదు. ఉరుములు, మెరుపులు, రాళ్ళవాన, ఏదైనా సరే రమ్మని మొక్కుకున్నాను. దేవుడు పలకలేదు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. ఒంటికాలి మీద గెంతుకుంటూ లోపలికి పోయి, బియ్యం బస్తాలోంచి గిన్నెడు తెచ్చుకున్నాను. తాత మంచం పక్కన కూర్చుని బుక్కడం మొదలుపెట్టాను. పాత బియ్యం, ఎండిపోయి నోట్లో పిండిలా అంటుకుంటున్నాయి. గొంతు దిగట్లేదు. దగ్గొచ్చింది. అయినా ఆపలేదు.

"ఏం బుక్కుతున్నవ్?" అన్నాడు తాత.

"బియ్యం. వాన రావాలె తాతా. జల్దీ రావాలె."

తాత నా వైపు చాలాసేపు చూశాడు. మూతి ఒక పక్కకే కదిలేది ఆయనకు, ఆ పక్కే నవ్వాడు. కళ్ళు రెండు పక్కలా కారాయి. "పిచ్చిపోరి! నువ్వు బుక్కితే నీ పెండ్లికొస్తది గని, గిప్పుడేడొస్తది" అన్నాడు. నేను గిన్నె పక్కన పెట్టి ఆయన కాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాను.

నాయిన గడియారంలో ముహూర్తం అయింది. "తాతా, అక్షింతలు చల్లు" అన్నాను. పిడికిలి ఇంకా గట్టిగా బిగించి, తల అడ్డంగా ఊపాడు. "నా బిడ్డ రానీ" అన్నాడు. పీటలు వెయ్యాల్సిన చోట, తెగిన మూలలోంచి ఏటవాలుగా ఎండ పడి ఇసుక మెరుస్తోంది. ఆయన దాని వైపే చూస్తూ పడుకున్నాడు. అన్నం పెడితే నోరు తెరవలేదు. ముసలవ్వ పిడికిలి విప్పబోతే కసురుకున్నాడు.

పొద్దు నడినెత్తి దాటాక కార్లు వచ్చాయి. మెళ్ళో తాళితో చిన్నత్త దిగింది. వాకిలి చూసింది. ఎండి పొడిపొడిలాడుతున్న ఇసుక చూసింది. పైకి చూసింది. తర్వాత తాత మంచం మీద పడి, "వాన రాలె నాయినా! ఒక్క సుక్క రాలె! ఎందుకు పొమ్మన్నవు నాయినా?" అని గుండెలు పగిలేలా ఏడ్చింది. బాజావాళ్ళు వాయించడం ఆపేశారు. పెద్దనాయిన ఒక గుంజ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదలడం చూశాను. అంతవరకూ ఆ మనిషికి ఏడుపొస్తుందని నాకు తెలియదు.

తాత పిడికిలి విప్పాడు. పొద్దున్నుంచీ పట్టుకున్న అక్షింతలు చెమటకు తడిసి ముద్దయ్యాయి. అరచేయంతా పసుపు. ఆ చెయ్యి లేచింది. తల మీద వేస్తాడనుకుని చిన్నత్త తల వంచింది. ఆయన చెయ్యి తల దగ్గర ఆగలేదు. గడ్డం పట్టి పైకెత్తి, ఆ బియ్యం ఆమె నోట్లో పెట్టాడు.

"బుక్కు బిడ్డా" అన్నాడు. "ఇగ పెండ్లయిపోయె. వానొస్తేంది?"

చిన్నత్త ఆ పసుపు బియ్యం నములుతూ ఏడ్చింది. ఏడుస్తూ నమిలింది. ఒక్క గింజ కూడా కింద పడనియ్యలేదు. అవ్వ కొంగు నోట్లోంచి తీసి, ఊరంతా వినేలా ఏడ్చింది.

ఆ సాయంత్రం చిన్నత్త అత్తగారింటికి పోయాక వాన వచ్చింది. ఉత్త వాన కాదు, దంచి కొట్టింది. తాత లోపలికి రానన్నాడు. నాయిన ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు. ముందురోజు తెగిన ఆ ఒక్క మూల తప్ప పందిరి చెక్కు చెదరలేదు. తాత మంచం మీద గానీ, పీటలు వెయ్యాల్సిన చోట గానీ ఒక్క చుక్క పడలేదు. నీళ్ళన్నీ నాయిన తవ్వించిన కాలువలోంచి బుద్ధిగా బయటకు పోయాయి. నాయిన పైకి చూస్తూ, "మంచిగనే కట్టిన గదా నాయినా" అన్నాడు. "మస్తు కట్టినవ్ కొడుకా" అన్నాడు తాత.

శ్రావణం రాకముందే తాత పోయాడు. చిన్నత్త వచ్చేసరికి పందిరి ఇంకా విప్పలేదు. తాతను దాని కిందే పడుకోబెట్టారు.

తాత చెప్పినట్టే నా పెళ్ళికి వాన పడింది. ఫంక్షన్ హాల్లో తలుపులు మూసి ఉన్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. తలంబ్రాల చప్పుళ్ళ మధ్య పైన రేకుల మీద వాన మోత నాకు వినపడింది. ముందు వరుసలో చిన్నత్త కూడా తల పైకెత్తింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. చిన్నత్త ఇప్పుడు మచ్చ బొల్లారంలో కొడుకు దగ్గర ఉంటోంది, జుట్టంతా నెరిసింది. మా అమ్మాయి పెళ్ళి ఆరుబయట అని ఫోన్లో చెప్తే, "హాలు మాటెత్తకు బిడ్డా. వానొస్తే తడుసుకుంట సూస్త గని" అంది.

"మేడం, మరి హాలు కూడా బుక్ చేసేదా?" అని మేనేజరు మళ్ళీ అడిగాడు.

"వద్దు. పందిరి గట్టిగా వెయ్యండి. చుట్టూ కాలువ తీయించండి" అన్నాను. లేచి, పెళ్ళి పీటలు ఎక్కడ వేస్తారో అడిగి, వాటికెదురుగా నడిచి ఒక చోట నిలబడ్డాను. "ఇక్కడ సోఫాలొద్దు. ఒక నవారు మంచం వేయించండి."

"ఎవరికి మేడం?"

"మా తాతకు."

"పెద్దాయన నడవలేరా? పర్లేదు మేడం, వీల్‌చెయిర్ పెట్టిస్తాం. వాన మొదలవగానే మావాళ్ళు లోపలికి తీసుకుపోతారు" అన్నాడు పాపం, మర్యాదగా.

"ఆయనను కదిలించొద్దు బాబూ" అన్నాను. "పెళ్ళే ఆయన మంచం దగ్గరికి రావాలి."